మూడో నంబరు గిలక్కాయ

1989 జూన్‌లో నన్ను సూర్యాపేటలోని ఒక చిన్న మ్యూజియానికి క్యూరేటరుగా నియమించారు. అది ప్రభుత్వానిది కాదు. మిర్యాలగూడలో రైస్ మిల్లులున్న ఒక కుటుంబం తమ పెద్దల పేరు మీద పెట్టిన ట్రస్టు దాన్ని నడిపేది. ఇప్పుడు ఆ మ్యూజియం లేదు, ట్రస్టూ లేదు, అందుకే ఆ పేర్లు రాయను. జరిగింది మాత్రం జరిగినట్టే రాస్తాను. ఇన్నేళ్లయినా ఆ సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. కోపంతో రాసేవాళ్లు వివరాలు తప్పుతారంటారు కాబట్టి ఆనాటి డైరీలు పక్కన పెట్టుకునే రాస్తున్నాను.

క్యూరేటరు అనగానే అద్దాల బీరువాల మధ్య తిరుగుతూ వచ్చినవాళ్లకు కథలు చెప్పే మనిషి అనుకుంటారు. అసలు పని రెండు పుస్తకాలది. ఒకటి నమోదు పుస్తకం. వచ్చిన ప్రతి వస్తువుకూ నంబరు వేసి, కొలతలు, దొరికిన చోటు, వచ్చిన నాటికి దాని స్థితి అందులో రాయాలి. వస్తువు అడుగున, కంటికి కనపడని చోట పలచగా వార్నిష్ పూసి, అది ఆరాక నల్ల ఇంకుతో అదే నంబరు వేయాలి. రేపు తుడిచేయాల్సి వచ్చినా వస్తువుకు మచ్చ పడకుండా ఉండడానికే ఆ వార్నిష్. రెండోది కదలికల పుస్తకం. ఏ వస్తువు బీరువాలోంచి ఎన్ని గంటలకు, ఎవరి చేతికి, ఎందుకు వెళ్లింది, తిరిగి ఏ స్థితిలో వచ్చింది అన్నది అందులో ఉంటుంది. తీసుకున్నవాళ్ల సంతకం తప్పనిసరి. ఈ రెండూ సరిగా లేకపోతే మ్యూజియానికీ పాత సామాన్ల కొట్టుకూ తేడా ఉండదు.

నేను చేరిన మరుసటి ఎండాకాలంలో త్రిపురారం దగ్గర ఒక తండాలో కాలువ నీళ్లు ఎక్కేలా మడి చదును చేస్తుంటే లచ్చి అనే ఆమె గడ్డపారకు కుండ తగిలింది. కుండలో ఐదు మట్టి గిలక్కాయలున్నాయి. చిన్నది నిమ్మకాయంత, పెద్దది మారేడుకాయంత. లోపల గుళికలు వేసి కాల్చినవి. శాతవాహనుల నాటివని చూడగానే అనుకున్నాను. తర్వాత చూసిన పండితులూ అదే అన్నారు.

నేలలో దొరికిన పాత వస్తువు దొరికినవాళ్లది కాదు, ప్రభుత్వానిది. రెవెన్యూ వాళ్లు వచ్చి పంచనామా చేస్తారు. అంటే ఏం దొరికిందో సాక్షుల ముందు రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఆ తర్వాత పై నుంచి ఉత్తర్వు వస్తే వస్తువులను ఎక్కడైనా భద్రపరుస్తారు. ఈ ఐదింటినీ మాకు అప్పగించారు. పంచనామా రోజు నేనూ వెళ్లాను.

లచ్చికి అప్పుడు పాతికేళ్లుంటాయి. ఇంట్లో లంబాడీ భాష, బయట తెలుగు. చిన్న గిలక్కాయ ఆమె రెండేళ్ల కూతురి చేతిలో ఉంది. లచ్చి దాన్ని కాలువలో కడిగి పిల్లకు ఇచ్చిందట. ఎనిమిది రోజులుగా పిల్ల దానితోనే ఆడుకుంటోంది. తీసుకుంటే ఏడ్చింది. లచ్చి ఆ గిలక్కాయను నా చేతిలో పెట్టి, "తీస్కపోండ్రి మేడం, గని పలగ్గొట్టకుండ్రి" అంది.

కాపాడడమే మా పని అని చెప్పాను. చాలా ధీమాగా చెప్పాను.

నమోదు చేస్తున్నప్పుడు అన్నిటికన్నా పెద్దదానికి, అంటే మూడో నంబరుకు, నిలువునా వెంట్రుకంత పగులు కనిపించింది. స్థితి గడిలో 'నిలువు పగులు ఉన్నది. ఊపరాదు' అని రాసి, ఎర్ర ఇంకుతో కింద గీత గీశాను.

1992 జనవరిలో కోదాడ నుంచి పురుషోత్తం మాస్టారు వచ్చారు. వయొలిన్ నేర్పేవారు. పెళ్లిళ్లలో వాయించేవారు, హరికథలకు వెళ్లేవారు. మిగిలిన వేళల్లో తన ముందు గదిలో కూర్చుని ఎవరూ అడగని సంగీతం రాసుకునేవారు. ఆయన బీరువా ముందు చాలాసేపు నిలబడి, చీటీ చదివి నావైపు తిరిగారు.

"కాలం రాశారు, కొలతలు రాశారు. ఎలా పలుకుతయ్యో రాయలేదేమండీ?"

మా మ్యూజియానికి కలెక్టర్లు వచ్చారు, లెక్చరర్లు వచ్చారు. ఆ ప్రశ్న అడిగిన మనిషి ఆయనొక్కడే. నేనూ ఎప్పుడూ అడగలేదు. సిగ్గనిపించింది. నూలు తొడుగులు వేసుకుని, బల్ల మీద దూది పరిచి, నాలుగింటిని ఒక్కొక్కసారి మెల్లగా కదిపి వినిపించాను. నాలుగింటినీ కదలికల పుస్తకంలో రాశాను. మూడో దానికి పగులుందని చెప్తే ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, "అయితే దాన్ని ముట్టుకోవద్దండీ. మిగతావి విన్నాను గదా, దాని గొంతెంతో ఊహించుకుంటా" అన్నారు. వస్తువు విలువ ఎరిగిన మనిషి తీరు అది.

తర్వాత కొన్ని వారాలు ప్రతి ఆదివారం వచ్చారు. వీటి మీద ఒక రచన చేస్తానన్నారు. కచేరీ కాదట. ఐదుగురు ఒక గదిలో ఎదురెదురుగా కూర్చుని, నలభై మందికి మించని శ్రోతల ముందు మైకు లేకుండా వాయించేది. వయొలిన్, వేణువు, వీణ, మృదంగం, ఐదోది గిలక్కాయలు. ఏ రాగం అని అడిగాను. "రాగం పెట్టానంటే గిలక్కాయ తాళమేసే పనికి దిగిపోద్దండీ. ఇందులో అది మాట్లాడాలి, మేం నలుగురం వినాలి" అన్నారు.

అసలు గిలక్కాయలు బయటికి రావని మొదటి రోజే ఇద్దరం అనుకున్నాం. నకళ్లు చేయించాలి. నేను కాలిపర్లతో, అంటే మందం కొలిచే పట్టకారుతో, అడ్డుకొలతలు తీసి బొమ్మలు గీశాను. నడిగూడెంలో ఎల్లయ్య అనే కుమ్మరి వాటిని చూసి చేశాడు. మొదటి రెండుసార్లు ఆవంలో కాల్చినవాటిలో ఒక్కటి కూడా మోగలేదు. లోపలి గుళికలు తడి గోడకు అంటుకుపోయాయి. మూడోసారి గుళికలను ముందే కాల్చి, బూడిదలో దొర్లించి లోపల వేశాడు. అవి మోగాయి. "బూడిద వెట్టాలమ్మా. లేకుంటే అంటుకపోతయ్. అప్పుడు చేసినోడికి ఎరుకే ఉంటది" అన్నాడు ఎల్లయ్య. ఆ ఒక్క మాట నా నమోదు పుస్తకంలోని పేజీడు వర్ణన కన్నా విలువైనది. అది కూడా పుస్తకంలో ఎక్కించాను.

వాటిని ఊపే మనిషి దొరకలేదు. మృదంగం వాయించే వాళ్లకిస్తే తాళం వేసేస్తున్నారు. నాకు లచ్చి గుర్తొచ్చింది. మాస్టారిని తండాకు తీసుకెళ్లాను. ఆమె నకళ్లను అటూ ఇటూ తిప్పి చూసి, మాస్టారు ఊపిన పద్ధతి చూసి నవ్వింది.

"గిట్ల కాదు సారు. గిలక్కాయ పిల్ల చెవి కాడ ఊపరు. దూరం కెల్లి మొదలువెట్టి దగ్గరికి తెస్తరు. పిల్ల ఏడుపు ఆపి యాడికెల్లి వస్తుందోనని ఎతుక్కుంటది. అప్పుడు జర ఆపాలె."

మాస్టారు బస్సులో తిరిగి వస్తూ అప్పటిదాకా రాసిన మొదటి పేజీలు చించేశారు. కొత్తగా రాసిన రచనలో మొదటి మూడు నిమిషాలు దూరం నుంచి గిలక్కాయ వస్తుంది. వేణువులో స్వరం ఉండదు, ఊపిరి మాత్రమే. వీణ తీగెలను అరచేత్తో నొక్కి మీటుతారు. గిలక్కాయ ఆగినప్పుడు వయొలిన్ ఒకే ఒక్క స్వరం మీద నిలబడి దాన్ని వెతుకుతుంది. మొత్తం ఇరవై ఆరు నిమిషాలు. 'ఐదు గిలక్కాయలు' అని పేరు పెట్టారు.

ఏడు నెలలు కోదాడలో సాధన చేశారు. లచ్చి కూతుర్ని చంకనేసుకుని రెండు బస్సులు మారి వచ్చేది. స్వరలిపి రాదు. మాస్టారి కనుబొమ్మ చూసి మొదలుపెట్టేది, ఎక్కడ ఆపాలో ఆయన కన్నా ముందే ఆమెకు తెలిసేది. వీణ వాయించే పెద్దావిడ మొదట్లో ఆమెతో చాప పంచుకోలేదు. నాలుగో ఆదివారం నాటికి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. నేను మూలన కూర్చుని వినేదాన్ని. సంగీతం నాకు పెద్దగా తెలియదు. బీరువాలో పెట్టి తాళం వేసిన వస్తువు గురించి ఆ గదిలో ఎక్కువ తెలుసుకున్నానని మాత్రం చెప్పగలను.

మ్యూజియం హాల్లోనే, నలభై కుర్చీలు వేసి మొదటి ప్రదర్శన చేద్దామనుకున్నాం. నియమం ప్రకారం అనుమతి కోసం ట్రస్టు కార్యదర్శి గారికి లేఖ పెట్టాను. నా కష్టాలన్నీ ఆ లేఖతో మొదలయ్యాయి.

కార్యదర్శి గారు ఆ రైస్ మిల్లుల కుటుంబంలో పెద్దబ్బాయి. రాజకీయాల్లోకి వెళ్లాలని ఆరాటం. మ్యూజియానికి కొత్త స్థలం ఇప్పించగల ఒక పెద్ద మనిషి ఆ నెలలో మిర్యాలగూడకు వస్తున్నాడని ఆయనకు తెలిసింది. ఆ పెద్ద మనిషి పదవి కూడా నేను రాయను. వారం తిరగకముందే కార్యక్రమం సూర్యాపేట నుంచి మిర్యాలగూడ కల్యాణ మండపానికి మారింది. కరపత్రంలో పెద్ద మనిషి ఫొటో, కార్యదర్శి గారి ఫొటో వేశారు. మాస్టారి పేరు అడుగున 'మరియు బృందం' పక్కన ఉంది. లచ్చి పేరు లేదు.

మాస్టారు మిర్యాలగూడ వెళ్లి మండపం చూసి వచ్చారు. "మైకు పెడితే ఇది చచ్చిపోద్ది మేడం గారూ. ఆ హాల్లో ఊపిరి వినపడదు, ఫ్యాను వినపడద్ది. నేను వాయించనని చెప్పేస్తా" అన్నారు. నేనే ఆపాను. ఒకసారి జరగనివ్వండి, తర్వాత మన గదిలో మనం చేసుకుందాం అన్నాను. అది నా మొదటి తప్పు.

రెండోది ఇంకా పెద్దది. ప్రదర్శనకు మూడు రోజుల ముందు కార్యదర్శి గారు ఫోన్ చేసి, అసలు గిలక్కాయలు వేదిక మీద ఉండాలన్నారు. నకళ్లు చాలవా అన్నాను.

"కుమ్మరోడు చేసినయి పెద్దాయనకు సూపెడితే ఇజ్జత్ పోతది సరోజమ్మా. అసలుయి తీస్కరా. అద్దాల పెట్టెలనే పెడదం, తాళం నీ దగ్గర్నే ఉంచుకో."

పగులు సంగతి చెప్పాను. ప్రభుత్వం భద్రపరచమని ఇచ్చిన వస్తువులను రాత అనుమతి లేకుండా ఊరు దాటించకూడదనీ చెప్పాను. అదంతా తాను చూసుకుంటానన్నారు. ఇదంతా ఫోన్లోనే. నేను కాగితం మీద పెట్టలేదు.

1993 ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ప్రదర్శన రోజు ఉదయం ఐదు గిలక్కాయలనూ దూది పెట్టెల్లో సర్ది, కారులో ఒళ్లో పెట్టుకుని మిర్యాలగూడ తీసుకెళ్లాను. మండపంలో వాటిని అద్దాల పెట్టెలోకి మార్చి, కదలికల పుస్తకం కార్యదర్శి గారి ముందు పెట్టాను. ఎవరితోనో మాట్లాడుతూ, పేజీ చూడకుండానే, స్వీకరించినవారు అన్న గడిలో సంతకం చేశారు. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలు అని పక్కన వేశాను.

కార్యక్రమం పదింటికి. పెద్ద మనిషి ఒంటిగంటకు వచ్చాడు. అప్పటిదాకా కళాకారులు వేదిక వెనక నీళ్లు కూడా లేకుండా కూర్చున్నారు. తర్వాత ఉపన్యాసాలు. ఉపన్యాసాలన్నీ స్థలం గురించే. మాస్టారిని పిలిచి, ఇరవై ఆరు నిమిషాలు కుదరదు, ఐదు నిమిషాల్లో ముగించమన్నారు. ఆయన ముఖం నేను చూడలేకపోయాను. లచ్చి మూలన నిలబడి దూరం నుంచి మొదలుపెట్టింది. మైకు లేని గిలక్కాయ అక్కడ రెండో వరసకు కూడా వినపడలేదు. ఎవరో వెళ్లి మైకును ఆమె చేతి దగ్గర పెట్టారు. స్పీకర్లలో రాళ్లు దొర్లినట్టు మోత వచ్చింది. జనం నవ్వారు. వయొలిన్ ఒంటరి స్వరానికి చేరేసరికి కార్యదర్శి గారు చప్పట్లు మొదలుపెట్టారు. మండపం అంతా అందుకుంది. ఏడు నెలల పని అక్కడితో అయిపోయింది. లచ్చి నకళ్లను బుట్టలో సర్దుకుని వేదిక దిగింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆమె దిగిపోయింది.

అప్పుడు ఫొటోగ్రాఫరు పెద్ద మనిషిని అద్దాల పెట్టె పక్కన నిలబెట్టాడు. అద్దం మీద వెలుగు పడి ఫొటో సరిగా రాదన్నాడు. కార్యదర్శి గారు నావైపు చెయ్యి చాచారు.

"తాళంచెవి ఇయ్యమ్మా."

"ఊపకూడదు సార్, పగులుంది" అన్నాను. మైకు ఆన్‌లో ఉందని గొంతు తగ్గించి అన్నాను. ఇప్పటికీ నన్ను కొరికేది ఆ తగ్గించిన గొంతే.

"ఊపుడెందుకు, ఒక్క ఫొటోకే" అన్నారు.

ఇచ్చాను.

ఐదింటిలోకీ పెద్దదాన్నే తీసి పెద్ద మనిషి చేతిలో పెట్టారు. ఫొటోగ్రాఫరు జర పైకెత్తండి సార్ అన్నాడు. ఆయన ఎన్నికల సభలో చెయ్యి ఊపినట్టు దాన్ని తల మీదికెత్తి రెండుసార్లు ఊపాడు. రెండోసారికి పగులు తెరుచుకుంది. సగం ఆయన చేతిలో ఉండిపోయింది, సగం వేదిక మీద పడి ముక్కలైంది. ఆయన చేతిలోది చూసుకుని, "పాతది గదా" అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. కార్యదర్శి గారూ నవ్వారు.

నేను మోకాళ్ల మీద కూర్చుని ముక్కలు ఏరాను. పదకొండు ముక్కలు, రెండు గుళికలు దొరికాయి. మొత్తం ఎన్ని గుళికలుండేవో, మిగతావి ఎవరి చెప్పుల కింద పొడి అయ్యాయో తెలియదు. నేను ఏరుతుండగానే వాళ్లు నా పక్క నుంచి భోజనాలకు వెళ్లారు. మాస్టారొక్కరే వచ్చి పక్కన కూర్చున్నారు. అద్దాల పెట్టె పెట్టిన బల్ల కింద వెతికారు.

ఆ సాయంత్రం సూర్యాపేట చేరగానే కదలికల పుస్తకం తీసి, తిరిగి వచ్చిన స్థితి అన్న గడిలో ఇలా రాశాను: 'మూడో నంబరు పగిలినది. పెట్టె తెరిచి వస్తువును తీసినవారు కార్యదర్శి. ఫొటో నిమిత్తం ముఖ్య అతిథి పైకెత్తి ఊపుచుండగా మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు పగిలినది. తాళంచెవి ఇచ్చినది నేను.' సంతకం పెట్టాను.

సోమవారం మధ్యాహ్నం మాస్టారు పరుగున వచ్చారు. తండాకు కానిస్టేబుల్ వెళ్లి లచ్చిని స్టేషనుకు తీసుకొచ్చాడట. వాయిద్యం వాయించడానికి వచ్చిన కూలి మనిషి అజాగ్రత్తగా పట్టుకుని ప్రభుత్వ సొత్తు అయిన పురావస్తువును పగలగొట్టిందని ట్రస్టు తరఫున ఫిర్యాదు. కోపం వచ్చింది. అంత కోపం నాకు జీవితంలో అంతకుముందు రాలేదు, తర్వాతా రాలేదు.

నేను బయల్దేరేలోపే కార్యదర్శి గారి కారు మ్యూజియం ముందు ఆగింది. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుని, కదలికల పుస్తకం తెప్పించుకుని, ఈసారి పేజీ చదివారు.

"సూడమ్మా, ఈ ఒక్క పేజీ మళ్ల రాయి. ఆ గిలక్కాయలు ఊపినామె చేతిల పలిగిందని రాయి సాలు. ఆమెకేమైతది? రెండు దినాలు తిప్పి ఇడిసిపెడ్తరు. పెద్దాయన పేరు కాగితం మీదికెక్కితే మన జాగ ఖతం."

ఆమె అసలు గిలక్కాయను ముట్టలేదు సార్, అని చెప్పాను. మీకూ తెలుసు అన్నాను.

"ఎవరికి తెల్వాలె? ఫొటో లేదు, ఏం లేదు." ఫొటోగ్రాఫరు దగ్గరున్న నెగెటివ్ అప్పటికే ఆయన చేతికి చేరిందన్నమాట.

"మీ సంతకం ఉంది" అన్నాను. ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు ఐదు వస్తువులూ తాను స్వీకరించినట్టు చేసిన సంతకం మీద వేలు పెట్టి చూపించాను. ఆయన పుస్తకం తీసుకోబోయారు. నేను దాన్ని రెండు చేతులా బల్లకేసి నొక్కి పట్టుకున్నాను. నలభై ఏళ్ల ఆడమనిషితో అటెండరు ముందు పెనుగులాడడం బాగుండదనుకున్నారేమో, వదిలేశారు. "నీ సంగతి తర్వాత సూస్త" అని వెళ్లిపోయారు.

పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని, ఆ పేజీకి మూడు జిరాక్సులు తీయించి, ఒక లేఖ రాసి త్రిపురారం మండల రెవెన్యూ అధికారికి స్వయంగా ఇచ్చాను. వస్తువులను మాకు అప్పగించిన కాగితం వాళ్లదే కాబట్టి జవాబు చెప్పాల్సిందీ వాళ్లకే. ఆయన కుర్రవాడే. రెండుసార్లు చదివి, అసలు పుస్తకం చూపించమన్నాడు, చూశాక స్టేషనుకు ఫోన్ చేశాడు. లచ్చిని పొద్దుగూకే వేళకు వదిలారు. పొద్దున్నుంచి వరండాలో నేల మీద కూర్చోబెట్టారట, పిల్లతో సహా.

మరుసటి రోజు తండాకు వెళ్లాను. ఆమె గుడిసె ముందు మిరపకాయలు ఎండబోస్తోంది. లేవలేదు.

"నా బిడ్డ ఎనిమిది దినాలు ఆడింది. అప్పుడు పలగలె. రెండేండ్ల పోరికి తెలిసింది పెద్దసారుకు తెల్వదా?" అంది.

తప్పు నీది కాదని పుస్తకంలో రాశాను, అధికారికి ఇచ్చాను అన్నాను.

"రాసినవ్. మంచిగనే రాసినవ్. గని ఆయన ఊపంగ నువ్వు గాడనే నిలబడ్డవ్ గద మేడం. ఎందుకు గుంజుకోలె?"

ఆమె నకళ్లున్న బుట్ట తెచ్చి నా ముందు పెట్టింది. "మీ బొమ్మలు మీరే ఊపుకోండ్రి" అని మిరపకాయల దగ్గరికి వెళ్లిపోయింది.

విచారణ ఐదు నెలలు నడిచింది. లచ్చి పేరు ఫిర్యాదులోంచి తీసేశారు. తుది కాగితంలో 'ప్రదర్శన సందర్భమున మూడో నంబరు వస్తువు ప్రమాదవశాత్తు పగిలినది' అని రాశారు. తెలుగులో ఇలాంటి వాక్యం రాయడం చాలా సులువు, ఎవరు పగలగొట్టారో చెప్పకుండానే పూర్తవుతుంది. ట్రస్టుకు స్థలం వచ్చింది. ఆ స్థలంలో మ్యూజియం కట్టలేదు. నన్ను ట్రస్టు వారి హాలియా స్కూల్లో లైబ్రరీ చూసుకోమని పంపారు. వెళ్లే ముందు ముక్కలను నేనే అతికించాను. కావాలంటే తర్వాత విడదీయడానికి వీలయ్యే జిగురుతో. గుళికలు రెండూ విడిగా సీసాలో పెట్టాను. అది ఇప్పుడు ఆకారానికి గిలక్కాయ, మోగదు. కొంతకాలానికి ఐదింటినీ ప్రభుత్వం వెనక్కి తీసుకుంది.

మాస్టారు వేరే మనిషిని పెట్టుకోవడానికి ఒప్పుకోలేదు. మరుసటి ఏడాది ఒకరోజు తానే తండాకు వెళ్లి లచ్చిని అడిగారు. ఆమె రెండు షరతులు పెట్టిందట. దండలేసుకునే వాళ్లెవరూ రాకూడదు. మొదట తన పేరు చెప్పాలి. కోదాడలో ఆయన ముందు గదిలోనే, ఒక ఆదివారం పొద్దున పదింటికి వాయించారు. ముప్పై మందిమి చాపల మీద కూర్చున్నాం. ఎల్లయ్య వచ్చాడు. మాస్టారు లేచి, "గిలక్కాయలు ధరావత్ లచ్చి" అని మొదట చెప్పి, తర్వాత మిగతా ముగ్గురి పేర్లు చెప్పి, తన పేరు చెప్పకుండా కూర్చున్నారు. ఇరవై ఆరు నిమిషాలు ఎవరూ కదల్లేదు. లచ్చి వెనక వాకిట్లో మొదలుపెట్టి, మా మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చి, వీణ పక్కన ఆగింది. అది ఆగినప్పుడు నా ముందున్న ముసలాయన తల తిప్పి వెతికాడు. ఆ రచన పూర్తిగా వినపడింది ఆ ఒక్కసారే. లచ్చి నాతో మాట్లాడలేదు. ఆమె మాట్లాడి ఉండాల్సిందని నేను అనుకోను.

1997లో హైదరాబాదులో ఒక పెద్ద మ్యూజియంలో ఉద్యోగం దొరికింది. పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాను. ఆ సంఘటన నాకు నేర్పింది ఇది. రిజిస్టరు మనిషిని కాపాడింది, వస్తువును కాపాడలేదు. వస్తువును కాపాడాల్సింది నేను. నోటితో చెప్పిన అభ్యంతరం అభ్యంతరం కాదు. పై వాళ్లు ఫోన్లో ఇచ్చే ఆదేశాన్ని రాసిమ్మని అడగాలి. ఇవ్వకపోతే, అది తప్పని వాళ్లకూ తెలుసన్నమాట. అప్పుడు తాళంచెవి ఇవ్వకూడదు.

నా దగ్గర శిక్షణకు వచ్చిన ప్రతి అసిస్టెంటుతోనూ మొదటి రోజే ఒక పని చేయించేదాన్ని. తెల్ల కాగితం మీద, పై అధికారిని ఉద్దేశించి, 'ఈ వస్తువును మీకు ఇవ్వలేను' అని కారణంతో సహా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టమనేదాన్ని. అది అభ్యాసం మాత్రమేనని తెలిసినా చాలామంది రెండు మూడు కాగితాలు చించేసేవాళ్లు. ఎన్ని చించినా పూర్తిచేయనిదే బీరువా దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.